మఱపునకు కాపున్నవారు

కోనసీమలో ఎనుబదేండ్ల పెద్దమనిషి ఒక్క ప్రశ్ననే పూటకు పదిమార్లు అడుగుచున్నచో ఇంటివారు దానికి పెట్టు పేరు చాదస్తము. సగము విసుగు, సగము ముద్దు కలిసిన పేరది. ఆ మాట పుట్టువు వెదకికొని పోయినచో ఛాందస శబ్దమునొద్దకు చేరుదుము; ఛందస్సనగా వేదము, ఛాందసుడనగా వేదము చదివినవాడు. వల్లించినదానినే మరల మరల వల్లించువాడు గనుకను, లోకవ్యవహారము పట్టనివాడు గనుకను ఆ పేరు తొలుత పండితునకు చెల్లి, పిదప పట్టిన పట్టు విడువని మొండివానికి సంక్రమించి, తుదకు మతి తప్పిన ముదుసలికి అంటుకొన్నది. వేదాధ్యయనమునకు పేరొందిన అగ్రహారములు గల ఈ సీమలో, జ్ఞాపకశక్తిచే బ్రతికిన మనుష్యునికి పెట్టిన పేరే జ్ఞాపకము పోగొట్టుకొన్న మనుష్యునికిని పేరగుట నన్ను చాలకాలము ఆలోచనలో పడవేసినది.

మా తండ్రిగారి కడపటి ఆరేండ్లును ఈ మాట నీడలోనే గడచినవి. రాజోలు ప్రాంతమున, గోదావరి పాయయగు వసిష్ఠ గట్టునకు అరక్రోసెడు దూరమున మా ఊరు. సాయంకాలము అయిదు గంటలగుసరికి ఆయన ఉతికిన పంచె కట్టి, కండువా భుజమున వేసికొని, గొడుగు చేతబట్టి వీధి గుమ్మమునకు వచ్చెడివారు. "ఒరేయ్ అబ్బాయ్, ఆఖరి పంటు వెళ్ళిపోద్దిరా! ఇప్పుడు బయల్దేరకపోతే రాత్రి రేవులో పడుకోవాలి" అనెడివారు. దిండికిని చించినాడకును నడుమ వంతెన పడి అప్పటికి పదునైదేండ్లు దాటినది. ఏఱు దాటించు పంటు లేదు, పంటు కొఱకు ఎదురుచూచు జనము లేదు. ఆ సంగతి నేను రెండుమూడుసార్లు చెప్పి చూచితిని. చెప్పిన ప్రతిసారియు ఆయన నన్ను అబద్ధమాడుచున్న పరాయివానిని చూచినట్లు చూచెడివారు. చేతిలోని గొడుగు వణకెడిది. అప్పుడు మా అమ్మ వంటింటినుండి వచ్చి, "సరంగు కబురెట్టాడండీ, గోదారి పోటుమీదుందంట, రేపు పొద్దున్నే కడతాడంట. కాళ్ళు కడుక్కుని రండి, అన్నం పెడతాను" అనెడిది. ఆయన గొడుగు మూలనుంచి, కండువా చిలుకకొయ్యకు తగిలించి, నూతి పళ్ళెమువద్దకు నడచెడివారు. ఈ సంభాషణము ఒకటి రెండు దినములు కాదు, దాదాపు రెండు సంవత్సరములు ప్రతిదినము నడచినది, మా అమ్మ కంఠమున విసుగు ధ్వనించిన దినము నాకు గుర్తులేదు.

ఆమె ఏ వైద్యగ్రంథమును చదివినది కాదు. మతి తప్పినవానితో వాదింపరాదనియు, అతడున్న కాలములోనికే మనము పోయి అతని చేయి పట్టుకొని రావలెననియు నేటి వైద్యులు శిక్షణ యిచ్చి నేర్పుచున్న విద్య ఆమెకు ఎవరు నేర్పిరని అడుగగా, "మా మేనత్త మా తాతగారికి అలాగే చెప్పేదిరా" అని ఒక్కమాటలో తేల్చివేసినది. ఆ మేనత్త పేరు మా యింట ఏ కాగితము మీదను లేదు.

కోనసీమ చరిత్ర వ్రాసినవారు గౌతమీ వసిష్ఠ వైనతేయములను వ్రాసిరి, ఆనకట్టను వ్రాసిరి, అంతర్వేది తీర్థమును, జగ్గన్నతోట ప్రభలను, అంబాజీపేట కొబ్బరి సంతను, బండారులంక మగ్గములను వ్రాసిరి. ఇండ్లలోపల స్మృతి నశించిన తల్లిదండ్రులను ఎవరు ఏ విధమున సాకిరో ఎవరును వ్రాయలేదు. దీనికి శాసనములు లేవు, దండకవిలెలు లేవు. మన వాడుకమాటలు, పాత ఇండ్ల కట్టుబడి, పంపకపు దస్తావేజులు, ముసలి స్త్రీల జ్ఞాపకములు మాత్రమే ఆధారములు. ఉన్న ఆధారములతోనే ఈ కథను కొంత చెప్పవలెనని నా పూనిక.

ఈ మతిమఱపు వ్యాధి వార్ధకము వెంట వచ్చునది గనుక, వార్ధకమే అరుదైన కాలమున ఇదియు అరుదే. పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున గోదావరి సీమ కఱవుచేతను, తుపానుల చేతను ఎంత నలిగినదనగా, 1821కిని 1841కిని నడుమ రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగవవంతు తగ్గిపోయినట్లు దొరతనమువారి లెక్కలే చెప్పుచున్నవి. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట పని ఆరంభించి 1852 నాటికి ముగించుటయు, గన్నవరమునొద్ద వైనతేయము మీదుగా అక్విడక్టు కట్టి కాలువ నీటిని రాజోలు వైపునకు దాటించుటయు జరిగిన పిమ్మటగాని ఈ లంకలకు నిలుకడయైన తిండి దొరకలేదు. అయినను స్వాతంత్ర్యము వచ్చునాటికి కూడ భారతీయుని సగటు ఆయుర్దాయము దాదాపు 32 ఏండ్లే. పసితనపు చావులన్నియు చేరిన లెక్క అది. బాల్యము గట్టెక్కినవారిలో డెబ్బది, ఎనుబది చూచినవారును ఉండిరి. కాని అట్టివారు ఊరికి కొద్దిమంది. వారిలో ఒకరికి మతి తప్పినచో ఊరందఱకును తెలియును, ఊరందఱును కాచుకొందురు. నేడు ఆయుర్దాయము డెబ్బదికి చేరినది. వీధికి ఇద్దఱు ముగ్గురు అట్టివారున్నారు, కాచుకొను ఊరు మాత్రము చిక్కిపోయినది.

దీర్ఘాయువును ఆ కాలపువారు వరముగానే కాక గండముగా కూడ తలచిరనుటకు మన శాంతికర్మలే సాక్ష్యము. అరువదవ యేట ఉగ్రరథశాంతి, డెబ్బదవ యేట భీమరథశాంతి, ఎనుబది దాటి వేయి పున్నములు చూచినవారికి సహస్రచంద్రదర్శనము. డెబ్బదియేడవ యేట ఏడవ నెల ఏడవ రాత్రికి భీమరథియని పేరు పెట్టి, అది నరులకు దాటరానిదని చెప్పుకొనిరి. నేడు షష్టిపూర్తి యనగా పెండ్లివలె పూలదండలు, విందులు, ఫొటోలు. శాంతియను మాటలోని జంకును మనము మఱచితిమి. ఆ జంకు పూర్వులకు ఊరక కలిగినది కాదు. ఆ వయస్సు దాటినవారికి ఏమి జరుగునో వారు కన్నులార చూచియుండిరి.

ఇక ఇంటి సంగతి. దీనిని నేను కొంత విస్తరించి చెప్పెదను, ఏలయన ఆనాటి సంరక్షణలో సగము మనుష్యులు చేసినదైతే సగము ఇల్లు చేసినది. కోనసీమ మండువా లోగిలిలో నడుమ ఆకాశమునకు తెఱచిన మండువా, దాని చుట్టును నాలుగు వైపుల వసారా, వసారాను ఆనుకొని గదులు, వీధివైపు ఎత్తైన అరుగులు, వెనుక దొడ్డి, నుయ్యి, ఆ పైని కొబ్బరితోట. మతి తప్పినవారికి నడక రోగమొకటి పట్టును. కూర్చుండలేరు, నిలువలేరు, ఎక్కడికో పోవలెను. వారు ఈ వసారాలో బయలుదేరినచో నాలుగు మూలలు తిరిగి మరల మొదటికే వత్తురు. ఎక్కడను మూసిన తలుపు ఎదురుపడదు, ఎవరును "ఆగు" అని చేయి అడ్డముపెట్టరు. ఎండయు, వానయు, వెన్నెలయు నడుమనే కనబడుచుండును గనుక పగలేదో రేయేదో కొంత తెలియును. నెదర్లాండ్సు దేశమున వేస్ప్ అను పట్టణమునొద్ద 2009లో ఇట్టి వ్యాధిగ్రస్తుల కొఱకు హోగెవేక్ అను గ్రామమునే కట్టిరి. అందు వారు స్వేచ్ఛగా తిరుగుటకు వీధులు, తోటలు, కొనుటకు అంగడి, కూర్చుండుటకు హోటలు అన్నియు అమర్చి, అంగడివానికిని హోటలువానికిని కూడ ఈ రోగపు మర్మము నేర్పి నిలిపిరి. లోకమంతయు దానిని చూచి మెచ్చుకొన్నది, మెచ్చుకొనదగినదే. ఆ వర్ణన చదివినప్పుడు నాకు మా వీధి అరుగు గుర్తునకు వచ్చినది.

పగలంతయు పెద్దాయన స్థానము ఆ అరుగే. పాలు పోయు ఆమె, బడికి పోవు పిల్లలు, కొబ్బరికాయల దింపునకు పోవు కూలీలు, గంప నెత్తిన పెట్టుకొని చేపలమ్ము ఆమె, వీరందఱును ఆ అరుగు ముందునుండియే పోవలెను. పోవుచు, "తాతగారండీ, భోంచేశారా అండీ?" అని అడిగెడివారు. తాతగారు, "ఆయ్, ఇంకా లేదమ్మా, ఈ ఇంట్లో నాకన్నం పెట్టేవాళ్ళేరీ!" అని అంతకు అరగంట క్రిందటనే కడిగికొన్న చేతిని చూపెడివారు. ఆ మాట విని ఆ ఇంటి కోడలిని తప్పుబట్టినవారు లేరు. అడిగినవారికిని ఆ సంగతి తెలియును. ఇట్లు దినమునకు ఏబది మంది పలుకరింపగా ఏబది మాఱులు ఆయన తాను మనుష్యుడనని గుర్తు తెచ్చుకొనెడివారు.

రాత్రి మాత్రము భయమే. ఈ సీమలో ఎటు నడచినను నీరే: ముందు కాలువ, ప్రక్కన బోదె, దొడ్డిలో నుయ్యి, ఊరిచివర చెఱువు, ఆ పైని గోదావరి. చీకటిలో బయలుదేరిన ముదుసలి తెల్లవారి కాలువలో తేలిన ఉదంతములు ప్రతి ఊరిలోను ఒకటైనను ఉండును. అందుచే వీధి తలుపు గడియకు ఎద్దు మెడ గంట కట్టెడివారు; గడియ కదలినచో గంట మ్రోగును, పక్క వసారాలో పడుకొన్న మనిషి లేచును. మా యింటి గంట ఇప్పటికిని ఉన్నది; దాని నాలుక అరిగి ఒకవైపునకు ఒరిగినది. రేవులలో పంటు నడుపు సరంగులును, కాలువ పడవలవారును ఈ కాపుదలలో భాగస్థులే. వంతెనలు లేని ఆ కాలమున ఈ సీమనుండి బయటపడవలెనన్నచో రేవు దాటక తప్పదు గనుక, తోడు లేని ముదుసలి వచ్చి పడవ ఎక్కబోయినచో వారు ఎక్కించుకొనక, చుట్ట ఇచ్చి కూర్చుండబెట్టి, ఊరిలోనికి కబురంపెడివారు. చుట్టును నీరుండుట అపాయమైనట్లే, ఆ నీరే కోటకు అగడ్తవలె కొంత కాపుగా కూడ నిలిచినది.

ఇదంతయు చెప్పి ఆ కాలము స్వర్గమని నేననను. పెరటి గదిలో పెట్టి గొళ్ళెము వేసిన ఇండ్లును ఉండెను. మంచపు కోడునకు చీర కొంగుతో కట్టివేయబడిన ఒక ముసలమ్మను నా చిన్నతనమున చూచితిని. ఆమె కొంగు ముడి విప్పుటకు రోజంతయు యత్నించుచు, మమ్ము చూచి నవ్వెడిది. దయ్యము పట్టినదని వేపమండలతో కొట్టించినవారును ఉండిరి. పేదయిండ్లలో, తెల్లవారి అందఱును కూలికి పోవలసిన తాటాకు గుడిసెలలో, ముసలివారిని చిన్నపిల్లలకు అప్పగించి పోవుటకంటె గత్యంతరము లేదు. అక్కడ పదేండ్ల ఆడపిల్ల చదువు మాని తాతకు కాపుండెను. మండువా లోగిలి అందఱకును లేదు.

ఈ సీమవారికి జ్ఞాపకమనగా ఎంత గౌరవమో ఒక మాట చెప్పవలెను. తైత్తిరీయశాఖ వేదము సంహితలో 44, బ్రాహ్మణములో 28, ఆరణ్యకములో 10, వెరసి 82 పన్నములు. దానిని పుస్తకము ముట్టక గురుముఖమున ఏండ్లకొలది కూర్చుండి నేర్చి, ఆ పైని పదము, క్రమము, జట, ఘనయని మాటలను ముందునకును వెనుకకును అల్లి చెప్పగలిగినవారు కోనసీమ అగ్రహారములలో తరతరములుగా ఉండిరి. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాచార్యుడు డేవిడ్ నైప్ ఈ సీమ ఆహితాగ్నుల ఇండ్లకు దశాబ్దములపాటు వచ్చి, వారి వార్ధకముతో సహా వారి గృహజీవనమును గ్రంథస్థము చేసి 2015లో ప్రకటించెను. వేదపఠన సంప్రదాయమును యునెస్కో వారు 2003లో మానవజాతి మౌఖిక వారసత్వములలో ఒకటిగా గుర్తించిరి. కంఠస్థవిద్య పండితులకు మాత్రమే పరిమితము కాదు. నేతగాని చేతిలో అంచు పోగుల లెక్క, పడవవాని కంటిలో ఇసుకమేటల జాడ, దింపువానికి ఏ చెట్టు ఎన్ని దినములకు కాపునకు వచ్చునను ఎఱుక, ఇవన్నియు కాగితమెఱుగని విద్యలే.

ఇట్టివి అన్నింటికంటె కడపట పోవును. కొత్త జ్ఞాపకములు మొదట పోయి, పాతవి నిలిచి, చేతికి అలవాటైన పనులు అన్నిటికంటె ఎక్కువకాలము నిలుచునని ఫ్రెంచి మనశ్శాస్త్రజ్ఞుడు థియొడ్యూల్ రిబో 1881లో తన గ్రంథమున సిద్ధాంతీకరించెను. మా తండ్రిగారు తోటలో కాయ లెక్క చూచి బ్రతికినవారు. నా పేరు మఱచిన రెండేండ్లకు కూడ, దింపు అయి కాయలు దొడ్డిలో రాశి పోసినప్పుడు, ఆయన పీట వేయించుకొని రాశి ప్రక్కను కూర్చుండి, "లాభం, రెండు, మూడు..." అని ఒకటికి బదులు లాభమనియే ఆరంభించి, తడబడక లెక్కించెడివారు. నూటికొక కాయ చొప్పున ప్రక్కకు తీసి గుర్తు పెట్టెడివారు. ఒకసారి కూలీవాని లెక్కకును ఆయన లెక్కకును మూడు కాయల తేడా వచ్చినది; మరల లెక్కింపగా తప్పు కూలీవానిదే అయినది. ఆ దినము ఆయన నన్ను చూచి, "ఎవరి అబ్బాయివి బాబూ? లెక్క నేర్చుకో" అనిరి. అటు పిమ్మట మా అమ్మ దింపు లేని దినములలో కూడ ఇరువది కాయలు ఆయన ముందు పెట్టించెడిది. ఆ కాయలు ఎన్ని వందల పర్యాయములు లెక్కింపబడినవో చెప్పజాలను. పీచు నునుపెక్కి మెఱసెడివి.

ఇప్పుడు అసలు సంగతికి వత్తును. ఈ కాపుదల ఎవరు చేసిరి? ఊరు చేసినదని, ఇల్లు చేసినదని చెప్పితిని. కాని మలమూత్రములు ఎత్తి, పళ్ళు తోమించి, నలుగు పెట్టి, నోట ముద్ద పెట్టి, రాత్రి గంట మ్రోగినప్పుడు లేచినది ఆడువారు. అందులోను ముఖ్యముగా పుట్టింట మిగిలిపోయిన బాలవితంతువులు. పదేండ్లకు పసుపు కుంకుమలు పోగొట్టుకొని, తల చెఱిపి, ముతక పంచె కట్టి, తండ్రి ఇంటనో అన్నగారింటనో ఏబది అరువదేండ్లు వండి వార్చిన ఆ మేనత్తలు, పెద్దమ్మలు ప్రతి పెద్ద ఇంటను ఒకరిద్దఱుండిరి. వారికి మరల పెండ్లి లేదు, పిల్లలు లేరు, పేరంటము లేదు. కాన ముసలి తండ్రికి కాపుండుట వారి పని యని అందఱును అనుకొనిరి, వారును అనుకొనిరి. కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు గోదావరికి ఈవల అగ్రహారములలో పుట్టిన అలజడి మతపరమైనదేయని మనము చదువుకొంటిమి. అది కొంత నిజము. ఆ స్త్రీలు పెండ్లాడి పోయినచో ఇంట ముసలివారిని ఎవరు చూతురను భయము కూడ, పైకి అనకపోయినను, ఆ అలజడిలో ఒక పాలు ఉండెనని నా నమ్మకము. ఉమ్మడి కుటుంబపు మంచితనమని నేడు మనము తలచుకొని కన్నీరు పెట్టుకొనుదానిలో చాలభాగము, వేఱు త్రోవ లేని స్త్రీల జీవితము. దానిని తిరిగి తేవలెనని కోరుట న్యాయము కాదు.

ఈ సీమ దానమును మఱచునది కాదు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారు లంకలగన్నవరమున వేళకాని వేళ వచ్చిన బాటసారులకు అన్నము పెట్టి, ఆ కీర్తి సముద్రము దాటి ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి చెవినబడునంతటి పుణ్యాత్మురాలు. అంతర్వేదికి బయలుదేరి, దారిలో ఆకలిగొన్న కుటుంబమొకటి తన ఇంటికే వచ్చుచున్నదని విని పల్లకి వెనుకకు త్రిప్పించెనని చెప్పుకొందురు. నేడు గన్నవరపు కొత్త అక్విడక్టు ఆమె పేరనే ఉన్నది. అది తగినదే. పరులకు పెట్టిన అన్నమునకు పేరు నిలిచినది. ఇంటిలోపల కన్నతండ్రికి దినము నాలుగుమార్లు పెట్టిన ముద్దకు నిలువలేదు.

అన్నదమ్ములు వేఱుపడినప్పుడు పుట్టిన ఏర్పాటు వంతులు. ఆస్తి పంచినట్లే తల్లిదండ్రులనును పంచి, పెద్దవానివద్ద ఆఱు నెలలు, చిన్నవానివద్ద ఆఱు నెలలు అని పెద్దమనుష్యుల ఎదుట ఒప్పుకొని, కొన్నిచోట్ల కాగితము మీద కూడ వ్రాసికొనిరి. విధవరాలైన తల్లికి మనోవర్తిగా ఇన్ని బస్తాల ధాన్యమనియు, ఇన్ని కాయలనియు అందు లెక్క కలదు. భారము ఒక్కరిపై పడరాదను న్యాయబుద్ధి దీనిలో లేకపోలేదు. కాని స్మృతి చెడినవారికి ఇది పరమశత్రువు. ఒక ఇంట నూతి దారి, మరుగుదొడ్డి దారి, మంచపు దిక్కు పాదములకు అలవాటగుసరికి ఆఱు నెలలు నిండును. బండి కట్టి వేఱొక ఇంటికి దింపుదురు. అక్కడ ప్రతి గోడయు కొత్తది. "నన్నింటికి తీసుకుపొండ్రా" అని ఏడ్చిన తల్లిని "ఇదే నీ ఇల్లు" అని కసరినవారు ఎందఱో. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము కొడుకుతోపాటు కుమార్తెను కూడ తల్లిదండ్రుల పోషణకు బాధ్యురాలిని చేసినది. 2007 నాటి చట్టము నెలకు పదివేల రూపాయలవఱకు ఇప్పింపగల ట్రిబ్యునలును ఏర్పఱచినది. ఈ చట్టములు డబ్బు ఇప్పింపగలవు; రాత్రి ఎవరు మేలుకొనవలెనో చెప్పజాలవు.

వైద్యమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. పల్లెవైద్యులు సరస్వతీ ఆకు రసమిచ్చిరి, సరస్వతీ లేహ్యమిచ్చిరి. కాలువగట్ల తేమలో ఆ ఆకు విరివిగా దొరకును. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున వాల్తేరున వెలసిన పిచ్చాసుపత్రికి ముసలివారిని పంపుటకు ఇక్కడివారికి మనసొప్పలేదు. ఆ దినములలోనే, 1901లో, జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రిలో ఏబదియొక్క యేండ్ల స్త్రీ యొకతె తన పేరు వ్రాయబోయి వ్రాయలేక నిలిచిపోగా, ఆలోయిస్ ఆల్జీమరను వైద్యుడు ఆమెను జాగ్రత్తగా గమనించి, ఆమె మరణానంతరము మెదడును సూక్ష్మదర్శనితో పరీక్షించి, 1906 నవంబరులో ట్యూబింగెన్ పండితసభలో చదివెను. 1910లో ఆ వ్యాధికి ఆయన పేరు స్థిరపడినది. ఆ పిమ్మట కూడ అది నడివయస్సువారి అరుదైన రోగమనియు, ముదుసలుల మతిమఱపు వయోధర్మమేయనియు వైద్యలోకము చాలకాలము భావించుచు వచ్చెను. రెండును ఒక్కటేయని, ఇది మహామారి వంటిదని 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ గట్టిగా వ్రాసిన తరువాతగాని ఆ భావము కదలలేదు. కాబట్టి చాదస్తమని పిలిచిన మన పెద్దలను మాత్రమే అజ్ఞానులనుట తగదు; యూరపు అమెరికాల ఆసుపత్రులలో కూడ అంతవఱకు అదే మాట వేఱొక భాషలో చెల్లినది.

పందొమ్మిదివందల డెబ్బదులనుండి ఈ సీమ స్వరూపమే మాఱినది. కొడుకులు చదువుకొని హైదరాబాదు చేరిరి, అటనుండి అమెరికా చేరిరి. వంతెనలు పడినవి, రేవులు మూతపడినవి, తోడు లేని ముసలివానిని గుర్తుపట్టి నిలుపు సరంగు లేడు, ఎవరు చేయెత్తినను ఎక్కించుకొను ఆటోలున్నవి. 1996 నవంబరు 6వ తేదీ తుపాను కొబ్బరితోటలను నేలమట్టము చేసినప్పుడు, దారికి గుర్తుగా చెట్లనే నమ్ముకొన్న పెద్దలు తమ దొడ్డిలోనే దారి తప్పిరి. మా పొరుగింటి తాతగారొకరు తెల్లవారి లేచి, ఇది మన ఊరు కాదని భార్యను బయలుదేరదీసెను. మండువాలు పడగొట్టి డాబాలు కట్టిరి. అరుగు పోయి ఇనుప గేటు వచ్చినది. గేటు లోపల పెద్దాయనకు అపాయము లేదు, పలుకరింపును లేదు.

వేఱొక వలస కూడ కలదు, దానిని తక్కువమంది తలచుదురు. రాజోలు, మలికిపురము, మామిడికుదురు ప్రాంతములనుండి పేదయింటి స్త్రీలు కువైటునకు, దుబాయికి, మస్కటునకు ఇంటిపనికి పోవుచున్నారు. వారిలో పలువురు అక్కడ చేయుచున్న పని ఆ ఇండ్లలోని ముదుసలులను కనిపెట్టుకొని యుండుట. భాష రాని దేశమున పరాయి తల్లికి స్నానము చేయించి, అన్నము తినిపించి, రాత్రి ఫోనులో తన తల్లికి ఎవరు పెట్టిరని అడిగి తెలిసికొను కూతురు మన కోనసీమ కూతురు. ఆ జీతముతో ఇక్కడ ఇల్లు లేచును. ఆ ఇంట తల్లి ఒక్కతెయే ఉండును. వీరి నేర్పును మన దేశమున ఎవరును నేర్పుగా లెక్కింపలేదు.

2023లో ప్రకటితమైన అఖిలభారత పరిశోధన యొకటి, అరువది దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా దేశమున దాదాపు 88 లక్షలమందికి ఈ మతిమఱపు వ్యాధి కలదనియు, పురుషులకంటె స్త్రీలలో, పట్టణములకంటె పల్లెలలో హెచ్చనియు తేల్చినది. ప్రతి మఱపును ఈ రోగము కాదనియు, థైరాయిడు లోపము, బి12 లోపము, దిగులు, జారిపడినప్పుడు తలలో గడ్డకట్టిన నెత్తురు, ఇట్టివానిచే కలిగిన మఱపు చికిత్సకు లొంగుననియు మన ఊళ్ళలో ఇంకను పలువురికి తెలియదు. చాదస్తమని నవ్వి ఊరకుండుటచే బాగుపడదగినవారు కూడ చెడుచున్నారు. ఈ ఒక్క కారణముచేత ఆ మాటను నేను మా యింట మాన్పించితిని.

మా తండ్రిగారు పోయి నాలుగేండ్లైనది. కర్మలు ముగిసిన పిమ్మట పాత పెట్టె తీసి దస్తావేజులు చూచితిని. 1938 నాటి పంపకపు కాగితములో మా ముత్తాతగారి పోషణ కొఱకు అరయెకరము తోట విడిచినట్లున్నది. ఆయనను చూచుకొన్న, మా అమ్మ చెప్పిన ఆ మేనత్త మాట లేదు. మా అమ్మను అడిగి ఆ మేనత్త పేరు, పుట్టినయూరు, ముత్తాతగారికి ఆమె కాపున్న ఏండ్లు ఆ కాగితము వెనుక నేను వ్రాసి పెట్టితిని: తొమ్మిది సంవత్సరములు. చదువరులారా, మీ ఇండ్లలోను ఇట్టి పెట్టెలున్నవి, చెప్పగల ముసలి స్త్రీలు ఇంకను కొందఱున్నారు. వారి జ్ఞాపకము చెదరకమునుపే అడిగి, ఎవరెవరికి ఎవరు కాపున్నారో పేరుపేరున వ్రాసియుంచుడు.